సెమినార్‌లో చెప్పలేకపోయిన జవాబు: లుసేషియా బొగ్గు, సోర్బుల ఊర్లు

పోస్టు కొంచెం పెద్దదే. మెస్ లైన్లో నిలబడి చదివేది కాదు, దాచుకుని రాత్రికి తీరిగ్గా చదవండి.

పోయిన నెల మా కాలేజీలో జాగ్రఫీ సెమినార్ పెట్టారు. టాపిక్ జర్మనీ గనుల ప్రాంతాలు. క్లాసులో దాదాపు అందరూ రూర్ తీసుకున్నారు. రూర్ పుస్తకంలో ఉంది, నోట్స్ ఉన్నాయి, సీనియర్ల పీపీటీ కూడా ఉంది. హాస్టల్లో ఒకే రూములో ఉండే మేము ముగ్గురం కూడా అదే తీసుకునేవాళ్లం. కానీ ఫోన్లో జర్మనీ బొగ్గు మ్యాపులు తిరగేస్తుంటే ఒక ఫోటో కనబడింది. ఊరి మొదట్లో పాతిన పసుపు బోర్డు. దాని మీద ఊరి పేరు రెండుసార్లు రాసి ఉంది. పైన కాట్‌బుస్, కింద ఖోషెబుజ్. పైది జర్మన్, సరే. కింద పేరు ఎవరిది? జర్మనీలో జర్మన్లే ఉంటారు కదా అనుకునేవాళ్లం అప్పటిదాకా. ఆ రెండో పేరు కోసం వెతుక్కుంటూ పోయి లుసేషియాలో తేలాం.

మేము ముగ్గురం కోయ పిల్లలం. మూడు వేర్వేరు ఊర్ల నుంచి వచ్చాం. ఒక ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఓపెన్‌కాస్ట్ గని ఉంది, బ్లాస్టింగ్ టైముకి ఇంట్లో గిన్నెలు కదుల్తాయి. అందుకే బొగ్గు గురించి చదవడం మాకు కొత్త కాదు. బొగ్గు కింద ఊర్లు పోవడం గురించి ఇంకో దేశం వాళ్లు ఇంత వివరంగా రాసి పెట్టుకున్నారని తెలియడం మాత్రం కొత్త.

లుసేషియా జర్మనీకి తూర్పు అంచున ఉంటుంది. జర్మన్లు లౌజిట్స్ అంటారు. బ్రాండెన్‌బుర్గ్, సాక్సనీ రాష్ట్రాల్లో పరుచుకుని, కొంత భాగం నైసె నది దాటి పోలండ్‌లో ఉంది. ఉత్తరాన ఉన్నది దిగువ లుసేషియా, దక్షిణాన ఉన్నది ఎగువ లుసేషియా. మ్యాపులో పైన ఉన్నది దిగువ ఎట్లా అయిందని మేము కాసేపు కొట్టుకున్నాం. దక్షిణం ఎత్తు, ఉత్తరం పల్లం, అంతే. స్ప్రే నది దక్షిణ కొండల్లో పుట్టి ఈ నేలంతా దాటి బెర్లిన్ వైపు పోతుంది. కాట్‌బుస్ దాటాక ఆ నది వందల పాయలుగా చీలి స్ప్రేవాల్డ్ అనే నీళ్ల అడవి అవుతుంది. అక్కడ పొలాలకి పడవల్లో పోతారు. లేడె అనే ఊర్లో ఎండాకాలం పోస్టు కూడా పడవలోనే వస్తుంది. వానాకాలంలో వాగు పొంగితే మా ఊరికి పోస్టే రాదు కాబట్టి ఇది చదివి కొంచెం నవ్వుకున్నాం.

లుసేషియా అనే పేరుకి మూలం చిత్తడి నేల అనే అర్థం ఉన్న స్లావ్ మాట. ఆ పేరు పెట్టినవాళ్లే సోర్బులు. దాదాపు ఆరో శతాబ్దంలో అక్కడికి వచ్చి స్థిరపడిన స్లావ్ తెగల వారసులు. పదో శతాబ్దంలో జర్మన్ పాలకుల కిందికి వచ్చారు. వెయ్యేళ్లకు పైగా జర్మన్ రాజ్యాల మధ్యలో ఉంటూ కూడా తమ భాష నిలుపుకున్నారు. భాష ఒకటి కాదు, రెండు. ఎగువ సోర్బ్ చెక్ భాషకి దగ్గర, దిగువ సోర్బ్ పోలిష్‌కి దగ్గర. జర్మన్లు వాళ్లని వెండ్ అని కూడా పిలిచేవాళ్లు, దిగువ లుసేషియాలో ఇప్పటికీ ఆ మాట నడుస్తుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. సోర్బులు మనలాంటి ఆదివాసీలు అని మేము అనడం లేదు. వాళ్లు రైతులు, క్రైస్తవులు, వాళ్ల భాషకి ఎప్పటినుంచో లిపి ఉంది, దినపత్రిక కూడా ఉంది. సోర్బ్ మనిషి స్తనిస్లావ్ తిలిచ్ 2008 నుంచి 2017 దాకా సాక్సనీ రాష్ట్రానికి ముఖ్యమంత్రి హోదాలో పనిచేశాడు. ఎవరి కష్టం వాళ్లది. మేము చూసింది ఒక్కటే విషయం, అది మనకి బాగా దగ్గర.

ఆ నేల కింద ఉన్నది లిగ్నైట్. మన దగ్గర నైవేలిలో దొరికే రకం. నల్లగా గట్టిగా ఉండే మన బొగ్గు కాదు, గోధుమ రంగులో మెత్తగా ఉంటుంది, దాదాపు సగం బరువు నీళ్లే. కోటిన్నర ఏళ్లకు పైబడిన కాలంలో చిత్తడి అడవులు మట్టి కింద పడి అట్లా తయారైంది. పొరలు మరీ లోతులో ఉండవు, పైన ఇసుక. అందుకే సొరంగాలు తవ్వడం కంటే పైనుంచి మొత్తం తీసేయడమే వాళ్లకి చవక. అంటే ఓసీ. పైన ఏముంటే అది పోవాల్సిందే: పొలం, అడవి, చెరువు, రోడ్డు, చర్చి, స్మశానం. దేవుడు లుసేషియాని చేస్తే సైతాను దాని కింద బొగ్గు దాచాడు అని అక్కడ ఒక సామెత ఉందట. మేము ముగ్గురం దాన్ని నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకున్నాం.

తవ్వే పద్ధతి చూస్తే కళ్లు తిరుగుతాయి. ముందు కొన్నేళ్ల పాటు చుట్టూ బోర్లు వేసి భూగర్భ జలం మొత్తం తోడేస్తారు, లేకపోతే గుంట నిండిపోతుంది. తర్వాత ఎఫ్60 అనే యంత్రం వస్తుంది. లిష్టర్‌ఫెల్డ్ అనే చోట ఇప్పుడు సందర్శకుల కోసం నిలబెట్టిన దాని పొడవు 502 మీటర్లు, బరువు దాదాపు 11 వేల టన్నులు. పడుకున్న ఈఫిల్ టవర్ అని పిలుస్తారు. నిజానికి ఈఫిల్ టవర్ కంటే పొడవు. గుంటకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వంతెనలా ఉండి, 60 మీటర్ల మందం మట్టిని ఒక పక్క తీసి ఇంకో పక్క పోస్తుంది. మన దగ్గర ఓబీ మట్టి డంపర్లలో పోయి గుట్టలవుతుంది. అక్కడ బెల్టు మీద పోయి వెనకాల పరుచుకుంటుంది, గని ముందుకి నడుస్తూ పోతుంది. లిష్టర్‌ఫెల్డ్ యంత్రం మాత్రం 1991, 92లో ఏడాది పైచిలుకే పనిచేసింది. రెండు జర్మనీలు కలిసిపోయాక అంత బొగ్గు ఎవరికీ అక్కర్లేకపోయింది.

దానికి ముందు మాత్రం చాలా కావాలి. తూర్పు జర్మనీకి వేరే ఇంధనం పెద్దగా లేదు. కరెంటు, వంటగ్యాసు, ఇళ్లలో చలికాలం కాల్చే బ్రికెట్లు, అన్నీ ఈ లిగ్నైట్‌తోనే. 1980లలో ఆ చిన్న దేశం ఏడాదికి 30 కోట్ల టన్నులు తవ్వి ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండేది. 1988లో అందులో దాదాపు 20 కోట్ల టన్నులు ఒక్క లుసేషియావే. 1955లో ష్వార్జె పుంపె అనే పెద్ద కర్మాగారం మొదలైంది. దాని పనివాళ్ల కోసం పక్కనున్న హోయెర్స్‌వెర్డా పట్టణాన్ని పెంచారు. ఏడు వేల మంది ఉండే ఊరు 1980లు వచ్చేసరికి డెబ్బై వేలు దాటింది. ఆ ఊరికి సోర్బ్ పేరు వోయెరెత్సి. సోర్బుల సంఘాలన్నీ కలిసి దొమోవినా అనే పెద్ద సంఘం పెట్టుకున్నది ఇక్కడే, 1912లో. దొమోవినా అంటే పుట్టిన నేల. నాజీలు 1937లో దాన్ని మూసేశారు, సోర్బ్ టీచర్లని, పాస్టర్లని దూర ప్రాంతాలకి బదిలీ చేశారు, చాలా ఊర్లకి స్లావ్ పేర్లు తీసేసి జర్మన్ పేర్లు పెట్టారు. యుద్ధం అయిపోయిన రెండు రోజులకే, 1945 మే 10న, క్రోస్ట్‌విట్స్ అనే ఊర్లో మళ్లీ మొదలుపెట్టుకున్నారు.

తూర్పు జర్మనీ సోర్బుల పట్ల ఏం చేసిందన్నది మాకు ఇప్పటికీ తేల్చుకోవడం కష్టంగానే ఉంది. 1948లోనే సాక్సనీలో సోర్బుల హక్కుల చట్టం వచ్చింది. రెండు భాషల బోర్డులు, సోర్బ్ బడులు, పరిశోధన సంస్థ, డ్యాన్స్ బృందం, పుస్తకాల ప్రచురణ, అన్నీ ప్రభుత్వ డబ్బుతోనే. ఇంకో చేత్తో అదే ప్రభుత్వం ఆ భాష మాట్లాడే ఊర్లని గనిలోకి తోసింది. స్టేజీ మీద సోర్బ్ పాట, ఊర్లో బుల్డోజర్. ఆదివాసీ దినోత్సవం రోజు స్టేజీ మీద మనతో థింసానో, కొమ్ము డ్యాన్సో ఆడించి ఫోటో దిగేవాళ్లు మాకు గుర్తొచ్చారు. ఎవరో మీకే తెలుసు, పేర్లు ఎందుకు.

1924 నుంచి లెక్కేస్తే లుసేషియాలో బొగ్గు కోసం పూర్తిగానో, కొంత భాగమో తీసేసిన ఊర్లు 130కి పైనే. ఇల్లు వదిలిన మనుషులు 25 వేలకి పైన. ఊర్లన్నీ సోర్బ్‌వి కావు. కానీ దిగువ లుసేషియాలో, మధ్య లుసేషియాలో బొగ్గు పొరలు ఉన్నది సరిగ్గా సోర్బ్ పల్లెల కిందే.

ఇప్పుడు హోర్నో సంగతి. సోర్బ్‌లో రోగొవ్. నైసె నదికి దగ్గరగా ఉన్న ఊరు, మొత్తం 350 మంది, వాళ్లలో మూడో వంతు దాకా సోర్బులు. యెన్ష్‌వాల్డె గని దాని వైపు నడిచి వస్తోంది. తూర్పు జర్మనీ కూలిపోయాక వాళ్లు బతికిపోయామనే అనుకున్నారు. 1992లో వచ్చిన బ్రాండెన్‌బుర్గ్ రాజ్యాంగంలో 25వ ఆర్టికల్ సోర్బుల భాషకి, సంస్కృతికి, వాళ్లు తరతరాలుగా ఉండే ప్రాంతానికి రక్షణ ఇస్తామని రాసింది. కాగితం మీద అంత స్పష్టంగా ఉంది. 1995లో రాష్ట్ర రాజ్యాంగ కోర్టు, ఊరిని తీసేయాలంటే మామూలు ప్లాను చాలదు, శాసనసభ చట్టం చేయాలి అంది. ఊరు గెలిచినట్టే అనిపించింది. 1997లో శాసనసభ ఆ చట్టమే చేసింది. 1998లో కోర్టు దాన్ని నిలబెట్టింది. ఆర్టికల్ 25 ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం మాత్రమేనట, దాన్ని బొగ్గు అవసరం, ఉద్యోగాలు వీటితో తూకం వేయొచ్చట. ఊరివాళ్లు యూరప్ మానవ హక్కుల కోర్టుకి పోయారు. 2000 మేలో అదీ వాళ్ల పిటిషన్‌ని తీసుకోలేదు. మీరు పోయేది కూడా సోర్బ్ ప్రాంతంలోకే కదా, అక్కడా మీ హక్కులు మీకుంటాయి కదా అన్నది ఆ కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి.

ఈ కేసు చదువుతున్నప్పుడు మాకు 1997 దగ్గర ఆగిపోవాలనిపించింది. అదే 1997 జూలైలో మన దగ్గర సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులు చెల్లవని చెప్పింది. ఈ గ్రూపులో చాలామందికి తెలిసిందే. అయితే ఆ తీర్పు ప్రభుత్వ సంస్థలకి తలుపు తెరిచే ఉంచింది. రెండు చోట్లా అంతే, హక్కు రాసి ఉంటుంది, దాని పక్కనే ఒక తలుపు ఉంటుంది.

హోర్నో జనం చివరికి ఒక పని చేశారు. విడివిడిగా పోకుండా చాలామంది కలిసి ఒకే చోటికి పోయారు, ఫోర్స్ట్ పట్టణం అంచుకి. కొత్త ఇళ్లు కట్టించారు, ఊరి మధ్య ఖాళీ స్థలం వదిలారు, కొత్త చర్చి వచ్చింది. సమాధులు కూడా తవ్వి తెచ్చుకున్నారు. 2004 నవంబర్‌లో పాత చర్చిని పేల్చేశారు. ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి, చర్చి గోపురం ఇంకా పడకముందే దుమ్ము పైకి లేస్తుంటుంది.

సెమినార్‌లో మేము ఇదంతా చెప్పాం. అయిపోయాక క్లాస్‌మేట్ ఒకడు లేచి అడిగాడు: "ఇంటికి ఇల్లు ఇచ్చారు, డబ్బులిచ్చారు, చర్చి కూడా కట్టించారు. ఇంకేం కావాలి వాళ్లకి? మీకు డెవలప్‌మెంట్ వద్దా?"

వాళ్లకి అని మొదలుపెట్టి మీకు అని ముగించాడు. వాడు చెడ్డవాడేం కాదు, మాకు నోట్స్ కూడా ఇస్తాడు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అది కూడా ఆలోచించాల్సిన విషయమే" అని ఏదో అని కూర్చున్నాం. సార్ "గుడ్" అని పక్క గ్రూపుని పిలిచారు. రాత్రి రూముకొచ్చాక ఎవరం పెద్దగా మాట్లాడలేదు. ఈ పోస్టు ఆ ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

నష్టపరిహారం లిస్టు ఎట్లా ఉంటుందో మనకి తెలుసు. ఇల్లు ఎన్ని గజాలు, పెంకా రేకులా, చెట్లు ఎన్ని, బావి ఉందా, పశువుల కొట్టం ఉందా. లెక్కపెట్టగలిగినవన్నీ ఉంటాయి. హోర్నో లిస్టు మన లిస్టు కంటే వంద రెట్లు మంచిదే అయ్యుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ భాష ఆ లిస్టులో ఎక్కడ రాయాలి? భాష ఒక ఇంట్లో ఉండదు. ఈ ఇంటి ముసలమ్మ ఆ ఇంటి ముసలమ్మని పిలిచి తిట్టుకోవడంలో ఉంటుంది. పొలానికి పేరు, మడుగుకి పేరు, ఫలానా బండ దగ్గర దయ్యం ఉందని పిల్లల్ని భయపెట్టడంలో ఉంటుంది. సోర్బులకి లుట్కీలు అని కథలున్నాయి. మట్టి దిబ్బల కింద ఉండే పొట్టి మనుషులు, రొట్టెలు చేసుకోవడానికి మనుషుల దగ్గర సామాన్లు అరువు తీసుకునేవాళ్లు, చర్చి గంటల మోత భరించలేక ఆ ప్రాంతం వదిలి పోయారట. ఆ కథ చెప్పేటప్పుడు అవ్వ చెయ్యి చాపి "అదిగో ఆ దిబ్బ" అని చూపించాలి. దిబ్బని ఎఫ్60 తీసేశాక చెయ్యి ఎటు చాపుతుంది?

1880లలో ఆర్నోష్ట్ ముకా అనే సోర్బ్ పండితుడు ఊరూరా తిరిగి ఎక్కడ ఎంతమంది సోర్బ్ మాట్లాడుతున్నారో లెక్క తీశాడు. 1,66,000 మంది తేలారు. ఇవాళ సోర్బులమని చెప్పుకునేవాళ్లు 60 వేలు అంటారు, బాగా మాట్లాడగలిగేవాళ్లు అంతకంటే చాలా తక్కువ. దిగువ సోర్బ్ అయితే ఎక్కువగా ముసలివాళ్లదే.

ఇదంతా బొగ్గే చేసిందని మేము అంటే అబద్ధం అవుతుంది. ప్రష్యా కాలం నుంచే బడుల్లో జర్మన్ రుద్దారు. నాజీల కాలం సంగతి పైన చెప్పాం. యుద్ధం తర్వాత పోలండ్‌లో కలిసిన ప్రాంతాల నుంచి తరిమేసిన జర్మన్లు వేలమంది ఈ ఊర్లలోకి వచ్చారు. తర్వాత గని వచ్చింది. గనిలో పని అంటే జీతం, క్వార్టరు, షిఫ్టు. షిఫ్టులో మాట్లాడేది జర్మన్. సోర్బ్ రైతు కొడుకు గనికి పోయింది బలవంతంగా కాదు, ఇష్టంగానే పోయాడు, ఇసుక నేలలో రై పండించడం కంటే అది నయం. అందుకే 1989లో లుసేషియా బొగ్గులో 80 వేల దాకా ఉద్యోగాలుంటే, తర్వాత కొన్నేళ్లలోనే అవి కూలిపోయినప్పుడు సోర్బులూ ఏడ్చారు. ఇప్పుడు మిగిలింది ఎనిమిది వేలకి అటూ ఇటూ. హోయెర్స్‌వెర్డా డెబ్బై వేల నుంచి సగానికన్నా కిందికి పడిపోయింది. ఆ పడిపోయే మొదట్లోనే, 1991 సెప్టెంబర్‌లో, ఆ పట్టణంలో మొజాంబిక్, వియత్నాం నుంచి వచ్చిన కార్మికుల హాస్టల్ మీద రోజుల తరబడి దాడి చేసి వాళ్లని ఊరు దాటించారు. దొమోవినా పుట్టిన ఊరే అది.

దక్షిణాన బౌట్సెన్, కామెంట్స్ మధ్య ఉన్న కాథలిక్ సోర్బ్ ఊర్లలో మాత్రం భాష పిల్లల నోట్లో బతికే ఉంది. రెండు కారణాలు కలిసొచ్చాయి. చర్చిలో ప్రార్థన సోర్బ్‌లోనే జరుగుతుంది, ఇది మొదటిది. రెండోది, ఆ ఊర్ల కింద తవ్వుకునేంత బొగ్గు లేదు. ఈస్టర్ రోజు అక్కడ మగవాళ్లు నల్ల కోట్లు, పొడుగు టోపీలు పెట్టుకుని గుర్రాల మీద సోర్బ్ పాటలు పాడుకుంటూ పక్క ఊరి చర్చికి పోతారు, అన్ని ఊర్లూ కలిపితే వెయ్యికి పైగా గుర్రాలు. గుడ్ల మీద బాతు ఈక ములుకుతో మైనం అద్ది, రంగులో ముంచి, మళ్లీ అద్ది బొమ్మలు వేస్తారు. జనవరి 25న పక్షుల పెళ్లి. చలికాలమంతా తిండి వేసినందుకు పక్షులు ఇచ్చిన విందు అని చెప్పి, పిల్లలు ముందు రాత్రి కిటికీలో పెట్టిన పళ్లెంలో మిఠాయిలు వేస్తారు. పెద్దపెద్ద సిద్ధాంతాల కంటే ఈ పళ్లెమే భాషని ఎక్కువ కాపాడి ఉంటుందని మా అనుమానం.

సోర్బుల గురించి రాసేవాళ్లు తరచుగా చెప్పే సంగతి ఇంకోటి ఉంది. పదిమంది సోర్బులు మాట్లాడుకుంటున్న గదిలోకి సోర్బ్ రాని ఒక్క మనిషి వస్తే, పదిమందీ జర్మన్‌లోకి మారిపోతారు. మర్యాద కోసం. వచ్చినవాడు అడగను కూడా అడగడు.

ఇది చదివిన రోజు మా రూములో ఫ్యాన్ శబ్దం తప్ప ఇంకేం లేదు. మా రూములో ముగ్గురమే ఉన్నప్పుడు కోయలో మాట్లాడుకుంటాం. నాలుగో బెడ్ అబ్బాయి వచ్చాడంటే తెలుగు. అతను ఏనాడూ మారమని అనలేదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే వరండా చివర వాటర్ ట్యాంకు దగ్గరికి పోయి, గొంతు తగ్గించి మాట్లాడతాం. ఫస్ట్ ఇయర్‌లో ఒకసారి మెస్‌లో ఎవరో మా మాటని అనుకరించి నవ్వారు, అప్పటినుంచి అలవాటయింది. మా ఊర్లు ఇంకా ఉన్నాయి. ఓసీ ఇంకా నాలుగు కిలోమీటర్ల అవతలే ఉంది. అయినా మేము ట్యాంకు దగ్గరికి పోతున్నాం. మా క్లాస్‌మేట్‌కి చెప్పాల్సిన జవాబులో ఈ సగం మాకే తగిలేది కాబట్టి ఆ రోజు నోరు రాలేదేమో.

సోర్బులు ఊరికే కూర్చోలేదు. 1998లో కాట్‌బుస్ అంచున ఉన్న జీలో ఊర్లో ఒక పిల్లల బడి మొదలుపెట్టారు, వితాయ్ అనే పద్ధతిలో. వితాయ్ అంటే స్వాగతం. ఫ్రాన్స్‌లో బ్రెటన్ భాష కోసం పెట్టిన బడుల్ని చూసి నేర్చుకున్నారు. పద్ధతి చాలా సింపుల్. టీచరమ్మ పొద్దున్నుంచి సాయంత్రం దాకా సోర్బ్‌లోనే మాట్లాడుతుంది. చెప్పులు విప్పు, చెయ్యి కడుక్కో, వాడిని కొట్టకు, అన్నీ. పిల్లల అమ్మానాన్నలకి చాలామందికి ఆ భాష రాదు. పిల్లలు నేర్చుకుని అవ్వాతాతలతో మాట్లాడతారు, మధ్య తరం వింటూ కూర్చుంటుంది. దాంతో భాష నిలబడిపోయిందని చెప్పలేం, కష్టంగానే నడుస్తోంది, టీచర్ల కొరత ఉంది. కానీ ఎక్కడో ఒకచోట పట్టుకున్నారు.

హోర్నో వాళ్లు ఇంకోటి చేశారు. కొత్త ఊర్లో మాయమైన ఊర్ల ఆర్కైవ్ పెట్టారు. అక్కడ నేల మీద తివాచీలా లుసేషియా మ్యాపు పరిచి ఉంటుంది, దాని మీద నడుస్తూ పోయిన ఊర్ల కథ తెలుసుకోవచ్చు. 130కి పైగా ఊర్లు, పేర్లతో సహా. హోర్నో ఒక్కదాని కోసం పెట్టుకుని ఉంటే అది ఏడుపు అయ్యేది. అందరి ఊర్లూ పెట్టారు కాబట్టి లెక్క అయింది.

పాత గుంటలు ఇప్పుడు సరస్సులవుతున్నాయి. జెన్ఫ్‌టెన్‌బెర్గ్ దగ్గర 1967లోనే ఒక గుంట నింపడం మొదలుపెట్టారు, ఇప్పుడక్కడ ఇసుక బీచ్, పడవలు, టూరిస్టులు. కాట్‌బుస్ పక్కన గని 2015లో మూతపడింది, 2019లో స్ప్రే నీళ్లు వదలడం మొదలుపెట్టారు. 19 చదరపు కిలోమీటర్ల సరస్సు అది. ఆ గని కోసం తీసేసిన లాకోమా ఊరి చెరువుల్లో ఒకప్పుడు చేపలు పెంచేవాళ్లు. బయటికి అందంగానే ఉంటుంది గానీ, తవ్వినప్పుడు గాలి తగిలిన రాతిలోని ఇనుము, గంధకం నీళ్లలో కలిసి కొన్ని చోట్ల స్ప్రే నది టీ రంగులో పారుతోంది. 2020లో జర్మనీ చట్టం చేసింది, బొగ్గు కరెంటు 2038 లోపు ఆపేయాలని. గనుల ప్రాంతాలకి 40 వందల కోట్ల యూరోలు, అంటే 4 వేల కోట్లు, ప్రకటించారు. అందులో లుసేషియాకే దాదాపు 1,700 కోట్లు. ఆగండి, సున్నాల్లో తడబడ్డాం, సెమినార్‌లోనూ ఇక్కడే తడబడ్డాం. 40 బిలియన్ అంటే 4 వేల కోట్లే, 17 బిలియన్ అంటే 1,700 కోట్లు. రూపాయల్లోకి మార్చడం మీకే వదిలేస్తున్నాం.

బొగ్గు ఆపుతామని ఇంత స్పష్టంగా చెప్పాక కూడా ఇంకో ఊరు పోయింది. మ్యూల్‌రోజె, సోర్బ్‌లో మివొరాజ్. నోఖ్టెన్ గని పక్కన, 200 మంది ఉన్న ఊరు. 2019లో ఒప్పందం అయింది, పక్కనున్న ష్లైఫె దగ్గర కొత్త ఇళ్లకి చాలామంది పోయారు, పాత ఇళ్లు కూల్చడం మొదలైంది. చాలామంది దశాబ్దాలుగా దుమ్ములో బతికి విసిగిపోయి, తీసుకుంటే తీసుకోండి అన్నారట. దాన్ని మేము తప్పు పట్టలేం. దుమ్ములో నలభై ఏళ్లు ఉన్నవాళ్లకి హాస్టల్లో కూర్చుని ఊరు వదలొద్దని చెప్పడానికి మేమెవరం.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పిన, గనికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ముగ్గురిలో ఒకరి ఊరికి, సెమినార్ అయిన వారానికి గ్రామసభ నోటీసు వచ్చింది. గని విస్తరణ మీద. అందులో సర్వే నంబర్లు ఉన్నాయి. ఊరి పేరు తెలుగులో ఉంది, అదీ తప్పు స్పెల్లింగ్‌తో. వాగుకి "నాలా" అని రాశారు.

ఆ రాత్రి ట్యాంకు దగ్గరికి పోలేదు. మంచం మీదే కూర్చుని, స్పీకర్ పెట్టి, అమ్మకి ఫోన్ చేశాం. ఆ వాగుకి, దాని పాయలకి, మడుగులకి, పైన ఉన్న చెలకలకి కోయలో ఏమేం పేర్లు ఉన్నాయో చెప్పమన్నాం. ఎందుకురా అంది. రాసుకోవడానికి అన్నాం. రాసుకుని ఏం చేస్తర్రా అంది, అని చెప్పడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగు పేర్లు వచ్చాయి. నాలుగో బెడ్ అబ్బాయి తన రికార్డు రాయడం ఆపి వింటున్నాడు. ముప్పై ఐదోది దగ్గర అమ్మ ఆగిపోయింది. అది మీ నాయనమ్మకే తెలుసు, ఆమె కూడా ఊరికే చెప్పలేదు, నడుచుకుంటూ పోతే అక్కడికి రాగానే గుర్తొస్తది, అంది.

గ్రామసభ వచ్చే నెల 12న. మేము ముగ్గురం 8నే బయల్దేరుతున్నాం. నాయనమ్మ మోకాళ్లు ఎంత దూరం నడవనిస్తాయో చూడాలి. రెండు నోట్‌బుక్‌లు కొన్నాం, ఫోన్లో జీపీఎస్ వేసుకుని ఒక్కో చోటు పాయింట్ పెడతాం. మీ ఊర్లలో ఇట్లాంటి పని ఎవరైనా ముందే చేసి ఉంటే ఎట్లా చేశారో కింద చెప్పండి, మ్యాపు గీయడం మాకు ఇంకా సరిగ్గా రాదు.